ఊరికి ఒక సీటు

జూన్ నెలలో ఒక శనివారం, మధ్యాహ్నం రెండు గంటలకు ఖమ్మం బస్టాండులో భద్రాచలం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఇంటికి తాళం వేసి చెవి సంచిలో వేసుకున్నాను. చెప్పి వెళ్ళాల్సినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. ఆ సౌకర్యం చూసే కావచ్చు, ఎవరూ వెళ్ళని ఊళ్ళకు మా కాలేజీవాళ్ళు నన్ను పంపుతుంటారు.

ఈసారి మాత్రం నా నోరే నన్ను పంపింది. మాది ఒక సొసైటీ నడిపే డిగ్రీ కాలేజీ. లాభం కోసం కాదు, ప్రజల మేలు కోసమని రిజిస్ట్రేషన్ కాగితాల్లోనే రాసి ఉంది. వార్షికోత్సవంలో మా కరెస్పాండెంట్ గారు ‘విద్యాదానం’ అన్న మాట పలకకుండా మైకు దించరు. పోయినేడు చర్ల అవతల ఆరు అడవి ఊళ్ళకు, ఊరికొకటి చొప్పున ఉచిత సీటు, హాస్టలు ఇచ్చారు. కరపత్రం మీద ఆరు ఊళ్ళ పేర్లు, ఆరుగురు పిల్లల ఫొటోలు అచ్చయ్యాయి. వాళ్ళలో ఈశ్వరి ఒకతి. నేను చెప్పే బోటనీలో క్లాసు మొత్తానికి ముందుండే పిల్ల. సెలవులకు ఇంటికి వెళ్ళింది, రెండో సంవత్సరం పాఠాలు మొదలైనా తిరిగి రాలేదు. సోమవారానికల్లా రాకపోతే పేరు కొట్టేస్తామన్నారు.

“ఫోను కూడా అందని ఊరి పిల్లను గడువు పెట్టి తీసేస్తే, దాన్ని దానం అంటారా అండీ?” అని స్టాఫ్ మీటింగులో అడిగాను.

“అంత ఇదిగా ఉంటే మీరే వెళ్ళి తీసుకురండి మేడం,” అన్నారు కరెస్పాండెంట్ గారు. మిగతా లెక్చరర్లంతా బల్ల మీది బిస్కెట్లలో ఏది బాగుందో చూసుకుంటూ కూర్చున్నారు.

ఆధార్ చూపిస్తే కండక్టరు జీరో టికెట్ చింపి ఇచ్చాడు. ఆడవాళ్ళకు ఈ దారంతా ఛార్జీ లేదు. సీటు దొరకడమే కష్టం. కొత్తగూడెంలో ఒక పెద్దావిడ ఎక్కి నా పక్కన కూర్చుంది.

“రాములోరి దర్శనానికేనా బిడ్డా?”

“కాదమ్మా. ఒక పిల్లను తీసుకురావడానికి.”

“అయ్యో! ఎవనితోనన్న పోయిందా ఏంది?”

“వాళ్ళమ్మ దగ్గరికి పోయింది.”

ఆ జవాబులో కథేమీ లేకపోయేసరికి ఆవిడ కిటికీ వైపు తిరిగింది.

అయిదున్నరకు గోదావరి వంతెన దాటాం. తొలి వానలకు నీళ్ళు అప్పుడప్పుడే ఎర్రబడుతున్నాయి. గుడి దగ్గరి లాడ్జిలో మేనేజరు నా వెనక గుమ్మం వైపు చూసి, “ఫ్యామిలీ ఎప్పుడొస్తరు మేడం?” అన్నాడు.

“వచ్చేసింది. నేనే.”

గది ఇచ్చాడు గానీ అరగంట ఆలోచించాకే. ఒంటరిగా వచ్చే ఆడవాళ్ళు ఆధార్ నకళ్ళు ఒకటి రెండు ఎక్కువే తెచ్చుకోవాలి. ఓపిక అంతకంటే ఎక్కువ తెచ్చుకోవాలి. రాత్రి హోటల్లో నలుగురు కూర్చునే బల్ల దగ్గర నేనొక్కదాన్నే దోసె తింటుంటే, సర్వరు ఒక కుటుంబాన్ని తెచ్చి “జర సర్దుకోండమ్మా” అని కూర్చోబెట్టాడు. వాళ్ళు నా మీదుగా చట్నీ గిన్నె అందించుకుంటూ, నా మీదుగానే మాట్లాడుకున్నారు. దోసె బాగానే ఉంది.

ఆదివారం పొద్దున ఆరింటికి చర్ల వెళ్ళే పల్లెవెలుగు బస్సు. సగం బస్సు వరి విత్తనాల సంచులే. దుమ్ముగూడెం దాటాక దారి గుంతలు మొదలయ్యాయి. ఎనిమిదిన్నరకు చర్లలో దిగి టీ తాగి, షేర్ ఆటోలో పోలీసు క్యాంపు దాకా వెళ్ళాను. ఎవరు, ఎక్కడికి, ఎందుకని అడిగి పంపించారు. అక్కణ్ణుంచి బురదలో నడకే. మధ్యలో ఒక వాగు. ముందురోజు దాకా నిండుగా పారిందట. నేను చెప్పులు చేత పట్టుకుని మోకాటి లోతులో దాటాను.

ఊళ్ళో అడుగు పెట్టగానే ఈశ్వరే ఎదురొచ్చింది. కాళ్ళకు నీళ్ళిచ్చి, ముఖమంతా నవ్వుతో, “నాగమణి కోసం వచ్చిండ్రా మేడం?” అంది.

“నాగమణి ఎవరే?”

పక్క ఇంట్లోంచి దాని ఈడు పిల్లే ఒకతి వచ్చింది. తల దువ్వుకుని, బ్యాగు సర్దుకుని సిద్ధంగా ఉంది.

“ఈయేడు దీని వంతు గదా మేడం,” అంది ఈశ్వరి. “వాగు దిగలేదని ఆగినం. లేకుంటే ఎప్పుడో పంపుదుము.”

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఊళ్ళో ఇంటర్ పాసైన ఆడపిల్లలు ఇద్దరు. వచ్చింది ఒక సీటు. పోడు చేలకు పందుల కావలి కాయడానికి ఇంటికింత అని వంతులు వేసుకున్నట్టే, సీటుకూ వంతు వేసుకున్నారు. ఒక ఏడు ఈశ్వరి, ఒక ఏడు నాగమణి.

ఊరి పెద్ద ముత్తయ్య పందిరి కింద నులక మంచం వాల్చి కూర్చోమన్నాడు. నేను మొదలుపెట్టాను. “డిగ్రీ అంటే మూడేళ్ళు వరసగా చదవాలి. మధ్యలో ఆపితే చదివిందంతా పోతుంది.”

“ఎట్ల పోతది టీచరమ్మా? ఈశ్వరి నేర్సుకున్నది ఈశ్వరి కాడనే ఉంటది గదా.”

“సీటు పోతుందయ్యా.”

“సీటు ఊరిది. మీ పెద్దసారు గీ పందిరి కిందనే నిలబడి, ‘ఈ సీటు మీ ఊరిది’ అని చెప్పిండు. దండ గూడ ఏసినం. ఊరెటు పోతది?”

“కాగితం మీద ఈశ్వరి పేరుంది.”

“గా మాట గప్పుడు చెప్పలే.”

కాలేజీలో నాతో వాదించి నెగ్గినవాళ్ళు లేరని నాకు కొంచెం గర్వం ఉండేది. ఇక్కడ వాదన లేదు. మేమన్న మాటనే వాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. మళ్ళీ వాగు దాటి, ఫోను అందే క్యాంపు దగ్గరికి వెళ్ళి కరెస్పాండెంట్ గారికి చేశాను.

“రెండు సీట్లా? రేపు మిగతా ఊళ్ళు కూడా అడిగితే?”

“అడగనీయండి. వాళ్ళు అడగడానికేగా మనం ఉన్నది.”

“మేడం, ఊరికి ఒకటే. ఎవరో ఒకరిని తీసుకురండి. కరపత్రంలో ఫొటో మార్పిద్దాం.”

తిరిగి వచ్చి ఈశ్వరిని పక్కకు పిలిచాను. ఒక్కటే అడిగాను. “నీకు రావాలని లేదా?”

“ఉన్నది మేడం.” చూపు పక్కకు తిప్పుకుంది. “పోయినేడు నాగమణి ఏడ్వకుండ నన్ను సాగనంపింది. ఇప్పుడు నేను ఏడిస్తే మంచిగుండదు.”

మీరు రమ్మంటే వస్తానని ఒక్క మాట అని ఉంటే లాక్కొచ్చేదాన్నే. వాళ్ళమ్మ అన్నం, చింతచిగురు పప్పు పెట్టింది. తిని, నాగమణిని తీసుకుని బయలుదేరాను.

ఈశ్వరి వాగు దాకా వచ్చింది. దారి పొడుగునా నాగమణికి పాఠం చెబుతూనే ఉంది. “మెస్‌ల కిటికీ పక్కన కూసో. జువాలజీ సారు అరుస్తడు, తిట్టినట్టు గాదు, ఆయన గొంతే గంత. ఆడపిల్లల హాస్టల్ల మన గూడెం మాట మాట్లాడేటోళ్ళు ఒక్కరుండరు. మొదటి నెల మస్తు కష్టం. నీలో నువ్వే మాట్లాడుకో, గట్లనే అలవాటైతది.” ఏడాది పాటు ఆ పిల్లకు మొక్కల శాస్త్రం చెప్పాను. ఆ మొదటి నెల ఎలా గడిచిందని నేనెన్నడూ అడగలేదు. వాగు అవతలికి చేరి వెనక్కి చూస్తే ఈశ్వరి ఇంకా నీళ్ళంచునే నిలబడి ఉంది. నవ్వుతూనే ఉంది.

రెండింటికి చర్లలో బస్సు దొరికింది. భద్రాచలంలో ఖమ్మం బస్సు మారాం. నాగమణికి కిటికీ సీటు ఇచ్చాను. గోదావరి దాటేటప్పుడు బ్యాగు ఒళ్ళో గట్టిగా పట్టుకుంది.

ఈ ప్రయాణంలో నాకు అర్థమైంది చెబుతాను, ఎవరికైనా కోపం వస్తే రానీయండి. మా సొసైటీ ఆ ఊరికి సీటు ఇచ్చానని మైకులో చెప్పింది. ఊరు దాన్ని నిజంగా తీసుకుంది. అందరిదీ అంటే ఏమిటో ఆ పందిరి కింద కూర్చున్నవాళ్ళకు తెలుసు. మా మీటింగు బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళకు అది ఇక నేర్పాలి. నేర్పడానికి నా వైపు ఇంకొక్కరు కూడా లేరు. ఆ సంగతి తల్లాడ దాటేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఖమ్మం దీపాలు కనిపిస్తుండగా నాగమణి మొదటిసారి నా వైపు తిరిగింది.

“వచ్చే ఏడు మళ్ళ ఈశ్వరి వంతే గదా మేడం? రెండో సంవత్సరంల కూసోపెడతరు గదా?”

ఆ మాట ఇచ్చే అధికారం నాకు ఎవరూ ఇవ్వలేదు.

“అవ్,” అన్నాను.