చాద్ మ్యాపులో ఖాళీ చోటు

మెల్‌బోర్న్‌లో ఇంజనీరింగ్ మాస్టర్స్ చదువుతున్న రోజులు. తెల్లవారకముందే గోడౌన్‌లో పెట్టెలు సర్ది, అక్కడి నుంచి నేరుగా క్లాసుకు వెళ్ళేవాణ్ణి. అప్పటికే ఒకసారి ఫెయిలైన నీటి సరఫరా సబ్జెక్టులో, ఒక దేశంలో బావులు ఎక్కడ తవ్వాలో ప్రెజెంటేషన్ ఇవ్వాలి. మళ్ళీ పోతే చదువు ఇంకో ఆరు నెలలు సాగుతుంది. నాకిచ్చిన దేశం ఆఫ్రికాలోని చాద్.

సముద్రం లేదు, సరిహద్దున ఆరు దేశాలు, ఉత్తరాన సహారా, దక్షిణాన పొలాలు, వందకు పైగా భాషలు, 1960 దాకా ఫ్రెంచి పాలన అని వరుసగా చదివేశాను. శాటిలైట్ ఫొటోల్లో ఇళ్ళు లెక్కపెట్టి, ఉత్తరాన ఒక ప్రాంతంలో మనుషులే లేరు కాబట్టి బావి అక్కర్లేదని తేల్చాను.

లెక్చరర్ పిలిచిన అతిథి ఒకావిడ చెయ్యెత్తారు. ఆవిడ పుట్టింది చాద్‌లోనేనట.

"ఆ ఫొటోలు ఏ నెలవి?"

"మార్చివి."

"మార్చిలో మేం ఒంటెలతో దక్షిణాన ఉంటాం. వానలు మొదలయ్యాక నువ్వు మనుషుల్లేరన్న ఆ చోటికే తిరిగొస్తాం. అప్పుడు ఏం తాగమంటావు?"

ముందు వరసలో కూర్చున్న రూమ్మేట్ కిరణ్ గొణిగాడు. "ఒప్పుకోకురా. డేటా లిమిటేషన్, దొరికిన ఫొటోలు అవే అని చెప్పెయ్, పాసైపోతావ్."

అబద్ధం అల్లే ఓపిక కూడా లేదు. "గోడలున్న ఇళ్ళే లెక్కపెట్టాను ఆంటీ. గుడారాల సంగతి ఆలోచించలేదు" అనేశాను. మన అలవాటు కొద్దీ నోట్లోంచి వచ్చిన 'ఆంటీ' అన్న మాటకి క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

సబ్జెక్టు పోయింది. మూడోసారి చేసేటప్పుడు ముందు ఆవిడ దగ్గరికే వెళ్ళాను. ఏ నెలలో ఎక్కడుంటారో చెబుతుంటే రాసుకున్నాను. ఆ ప్రాంతానికి రెండు బావులు కావాలని తేలింది. అందుకు పట్టింది ఒక్క మధ్యాహ్నం. అది చెయ్యకుండానే ఒక దేశం గురించి పన్నెండు స్లైడ్లు మాట్లాడానంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.