పళ్ళతో వినే మామ

మా మేనమామ కోయంబత్తూరు మిల్లులో ఫిట్టర్. ఏ యంత్రం చెడినా స్క్రూడ్రైవర్ మొన దానికి ఆనించి, పిడిని పళ్ళతో కరిచి కళ్ళు మూసుకునేవాడు. అది ఆయన గొప్ప అనుకునేవాళ్ళం.

ఒకసారి ఆయన మోటారుసైకిల్ మీద కూనూరు కొండ దిగుతున్నాం. చివరి మలుపుల్లో వెనక చక్రం పక్కకు ఊగుతూ టకటకమంటోంది. పక్కన లోయ. వెనకే లారీ ఒకటే హారన్. "మామా, ఆపు!" అని అరిచాను. ఆపలేదు. వీపు మీద గుద్దితే ఆపాడు.

బండికి స్టాండు వేసి టైరు అటూ ఇటూ కదిపాడు. ఊగింది. నట్టు బిగువుగానే ఉంది. స్క్రూడ్రైవర్ చక్రం మధ్యనున్న హబ్బుకు ఆనించి, పిడి కరిచి చక్రం తిప్పాడు. మొహం పాలిపోయింది.

"బేరింగు పోయింది పాపా."

బండి తోసుకుంటూ కొండ కిందున్న మేట్టుపాళయం చేరి కొత్త బేరింగు వేయించాడు. మళ్ళీ చక్రం తిప్పి, స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చాడు.

"నా పండ్లకు బాగుందనే తోస్తా ఉంది. అయినా నువ్వు చెవి పెట్టి ఇను పాపా. మిల్లు సద్దుకు నా చెవులు ఎప్పుడో పోయినాయి. ఇంట్లో చెప్పాకు."

పిడికి చెవి ఆనించాను. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. కోయంబత్తూరు దాకా, వెనక హారన్ మోగినప్పుడల్లా ఆయన భుజం తడుతూనే ఉన్నాను.