విత్తనానికి రెండు

పెళ్ళిళ్ళలో కనిపించినవాళ్ళంతా నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మందు కనిపెట్టినావా?" పప్పన్నం కలుపుకుంటూ అడుగుతారు, మజ్జిగ పోసుకుంటూ అడుగుతారు. నేను అనంతపురంలో కెమిస్ట్రీ పాఠాలు చెప్తాను. చెప్పగా మిగిలిన సమయంలో రోగక్రిములను చంపే కొత్త పదార్థాలు తయారుచేస్తాను. పాత యాంటీబయాటిక్‌లకు క్రిములు రాటుదేలిపోయాయి. అవి ఇంతవరకూ చూడని అణువు ఒకటి చేసి వాటి మీదికి వదలాలని నా తాపత్రయం. పదిహేనేళ్ళుగా వదులుతూనే ఉన్నాను. క్రిములు సుఖంగా ఉన్నాయి.

అసలు ఈ పనికి ముందు నీళ్ళు కావాలి. ఫ్లాస్కులో సరుకు మరుగుతుంటే పైకి లేచే ఆవిరిని చల్లార్చడానికి గాజు గొట్టం చుట్టూ చన్నీళ్ళు ఆగకుండా పారాలి. అనంతపురంలో ఆగకుండా నీళ్ళు పారడమంటే విన్నవాళ్ళు నవ్విపోతారు. మా ల్యాబు కుళాయిలో నీళ్ళు దినం మార్చి దినం వస్తాయి. అందుకని పాత ఎయిర్ కూలర్‌లోని చిన్న మోటారు పీకి బకెట్లో దించి, అవే నీళ్ళను తిప్పి తిప్పి వాడతాను. ఎండాకాలంలో ఆ బకెట్లో ఐసు గడ్డలు వేయాలి. ఐసు తెచ్చేలోగా కరెంటు పోతుంది. ఇన్ని తిప్పలు పడి తీసిన తెల్లటి పొడి తీరా చూస్తే నీళ్ళలో కరగదు. కరగనిది ఒంట్లోకి ఎట్లా పోతుంది? నీళ్ళకు అలమటించే ఊళ్ళో కూర్చుని నీళ్ళలో కరగని పదార్థాలు చేయడంలో నాకు మంచి పేరే ఉంది.

సరే, అదంతా నా ఖర్మ. నన్ను నిజంగా కాల్చుకు తిన్నది మా నాయన బిస్కెట్ల డబ్బా.

మా ఊరు చిలమత్తూరు దగ్గర. నాయన మా తమ్ముడి దగ్గర ఉంటాడు, ఇప్పటికీ వేరుశనగ వేస్తాడు. మా వైపు మెట్ట రైతుకు ఒక నియమం ఉంది. పంట ఎంత చెడినా, ఇంట్లో పొయ్యి వెలగకపోయినా, విత్తనం కాయల మూటను ముట్టుకోరు. వాన ఎప్పుడొస్తుందో తెలియని నేల మీద ఆ మూటే ధైర్యం. మా నాయన ఈ నియమాన్ని అన్నిటికీ పెట్టాడు. అగ్గిపెట్టెలో నాలుగు పుల్లలు మిగలాలి, నూనె సీసా అడుగున ఒక వేలెడు ఉండాలి. డాక్టరు ఐదు దినాలకు మాత్రలు రాస్తే మూడో దినానికి జ్వరం తగ్గగానే మానేసి, మిగిలినవి డబ్బాలో వేస్తాడు. "విత్తనానికి రెండు ఉండనీ" అంటాడు.

ఆ డబ్బా ఊరందరికీ దవాఖానా. పక్కింటామెకు చెవిపోటు వస్తే ఒక మాత్ర. ఎవరిదో పంటినొప్పికి ఒకటిన్నర. ఒకసారి గొర్రె విరేచనాలతో పారుకుంటుంటే దానికీ రెండు మాత్రలు బెల్లంలో పెట్టి మింగించాడు. అది బతికింది. అప్పటినుంచి ఆయన మాటకు తిరుగులేదు.

నేను ఊరికి పోయినప్పుడల్లా మొత్తుకునేదాన్ని. మందు సగంలో మానితే మొండి క్రిములు మిగులుతాయి, అవే పెరుగుతాయి, తర్వాత ఆ మందుకు లొంగవు, నాయనా! సెమినార్లో చెప్పినట్టు బొమ్మలు గీసి కూడా చెప్పాను. ఆయన శ్రద్ధగా వినేవాడు. నేను బస్సెక్కగానే డబ్బా మూత తీసేవాడు. ఊరందరికీ పాఠాలు చెప్పేదాని మాట ఇంట్లోనే చెల్లుబాటు కాకపోతే ఎట్లా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

పోయిన ఏడాది చేలో తుమ్మముల్లు చెప్పును చీల్చుకుని నాయన పాదంలో దిగింది. ఆయనకు షుగరు ఉంది. ముల్లు తీసేసి, పసుపు అద్ది, డబ్బాలోంచి రెండు మాత్రలు వేసుకున్నాడు. వారానికి ఇంకో రకం రెండు. నాకు ఫోన్ వచ్చేసరికి రెండు వేళ్ళు నల్లబడ్డాయి.

అనంతపురానికి తెచ్చి ఆసుపత్రిలో చేర్చాను. వేళ్ళు రెండూ తీసేశారు. పుండులోని చీము పరీక్షకు పంపితే మూడు దినాలకు రిపోర్టు వచ్చింది. మందుల పేర్లు వరసగా ఉన్నాయి, ఒక్కొక్కదాని ఎదురుగా "పనిచేయదు" అని. ఆ పేర్లన్నీ నాకు తెలుసు. సగం ఆ డబ్బాలో చూసినవే. అట్టడుగున ఒక్క ఇంజెక్షన్ ఎదురుగా మాత్రం "పనిచేస్తుంది" అని ఉంది.

"పద్నాలుగు దినాలు, రోజుకొకటి. ఒక్కటి కూడా తప్పకూడదు. దీనికీ లొంగకపోతే మోకాలి దాకా తీసేయాల్సి వస్తుందమ్మా" అన్నాడు డాక్టరు.

నేను చేయగలిగిందేమైనా ఉందా అని కొట్టుకులాడాను. ఆసుపత్రి వాళ్ళను అడిగి, నాయన చేత కాగితం మీద సంతకం పెట్టించి, ఆ క్రిమిని మా మైక్రోబయాలజీ మేడమ్ దగ్గరికి చేర్పించాను. ఆమె దాన్ని గాజు పళ్ళెంలో పెంచి, నా దగ్గరున్న పొడులన్నీ ద్రావకంలో కలిపి చుక్క చుక్క పెట్టి చూసింది. మర్నాడు పిలిచింది. పళ్ళెం నిండా క్రిములు పాలమీగడలా పరుచుకుని ఉన్నాయి. నూట పన్నెండో నంబరు పొడి చుట్టూ మాత్రం రూపాయి బిళ్ళంత మేర ఏమీ మొలవలేదు.

పదిహేనేళ్ళలో నా పొడి ఒక మొండి క్రిమిని చంపడం అదే మొదటిసారి. అదీ మా నాయన పుండులోది. ఫోటో తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తాను.

నాయన ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూశాడు. "ఇవన్నీ నాయేనా?"

"నీవే."

"నీ మందుకు చచ్చినాయా?"

"పళ్ళెంలో చచ్చినాయి."

"మరింగేం, నాకెయ్యి."

"వెయ్యకూడదు నాయనా. పళ్ళెంలో క్రిమిని చంపేది మనిషినీ చంపొచ్చు. ముందు ఎలుకలకు పెట్టి చూడాల. తర్వాత ఇంకా శానా ఉండాది. ఏండ్లు పడుతుంది."

ఆయన నన్ను అదోలా చూశాడు. "మందు చేసినానంటావు, ఇయ్యనంటావు. నువ్వు చేస్తాండేది ఏం పని పాపా?"

ఏం పనో నాకూ అర్థం కాలేదు. చంపే మందు నా బీరువాలో ఉంది, చచ్చే క్రిమి ఆయన కాల్లో ఉంది, నడుమ పూడ్చలేనంత దూరం. నా మీద నాకే ఒళ్ళు మండింది. ఆ కోపంలోనే ఆ దినం నాయనకు మళ్ళీ పాఠం మొదలుపెట్టాను. ఈసారి బొమ్మలు గీయలేదు.

"చేలో గరిక పడితే ఏం చేస్తావు?"

"దున్ని, గడ్డలతో సహా ఏరేస్తా."

"పైపైన దున్ని వదిలేస్తే?"

"వాన పడితే మళ్ళా లేస్తాది. ఇంకా గట్టిగా."

"నీ మాత్రలు పైపైన దున్నడం. ఇన్నేండ్లూ గరిక పెంచినావు నాయనా, నీ ఒంట్లో. ఊళ్ళో అందరి ఒంట్లో. ఇప్పుడు అన్ని నాగళ్ళూ అరిగిపోయినాయి. ఈ ఇంజెక్షన్ ఒక్కటే మిగిలింది. ఇది కూడా పోతే ఇంగ మందే లేదు. నీకే కాదు, ఎవురికీ."

నాయన కట్టు కట్టిన కాలు వైపు చూసుకున్నాడు. తర్వాత, "ఇది ముందే ఇట్లా చెప్పి ఉంటే అర్థమయ్యేది గదా" అన్నాడు. ఆయన ముఖం చూస్తే నిజంగానే అర్థమైందనిపించింది. పదిహేనేళ్ళ చదువులో నేను సాధించిన గొప్ప ఫలితం అదేనని గర్వపడ్డాను కూడా.

పది దినాలకు పుండు మానుముఖం పట్టింది. మిగిలిన నాలుగు ఇంజెక్షన్లు ఊళ్ళో వేయించుకోవచ్చని డాక్టరు బుడ్లిచ్చి పంపించాడు. మా ఊరి నర్సమ్మకు ఫోన్ చేసి దినాలతో సహా చెప్పాను. తమ్ముడికి చెప్పాను. నాయన చేత ఒట్టు వేయించుకున్నాను.

తర్వాతి ఆదివారం ఊరికి పోయాను. అప్పటికి నాలుగూ అయిపోయి ఉండాలి. నాయన మంచం మీద కూర్చుని కాలు చాపి చూపించాడు. బాగానే ఉంది. అలవాటు కొద్దీ అటక మీది డబ్బా దించాను, ఇక దాన్ని బయట పారేద్దామని. మూత తీస్తే మాత్రలు ఒక్కటీ లేవు, అన్నీ ఆయనే పారేశాడట. డబ్బాలో శుభ్రమైన తెల్లగుడ్డ ఉంది. గుడ్డలో రెండు ఇంజెక్షన్ బుడ్లు, మూత తీయనివి.

బుడ్లు తెచ్చి ఆయన ముందు పెట్టాను. "ఏంది నాయనా ఇది!"

"నర్సమ్మను అనొద్దు. రెండు చాలని డాక్టరే చెప్పినాడని నేనే అబద్ధమాడినా."

ఆ తర్వాత నేనేం అరిచానో నాకు గుర్తులేదు. వీధిలోవాళ్ళు వచ్చి గడపలో నిలబడ్డారని మాత్రం గుర్తుంది. కాలు పోతుందని తెలీదా అన్నాను, గరిక సంగతి అంతలోనే మరిచినావా అన్నాను, నీకు చెప్పడం కంటే ఆ గొర్రెకు చెప్పడం నయం అన్నాను. నాయన అన్నీ పడ్డాడు. నా గొంతు ఆగినాక మెల్లగా అన్నాడు:

"మరిచిపోలేదు పాపా. నువ్వే గదా చెప్పినావు, ఇదొక్కటే మిగిలిందని. నువ్వు దినమంతా ఆ పురుగుల మధ్యనే ఉంటావు. రేపు నీకేదన్నా అంటుకుంటే యాడ తెస్తావు? నువ్వు చేసిన మందు ఏ మనిషికీ వెయ్యకూడదంటివి. అందుకే నీకని ఉంచినా."

నేను చెప్పింది ఆయనకు పూర్తిగా అర్థమైంది. అర్థమైంది కాబట్టే దాచాడు.

డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన తిట్టాల్సినంత తిట్టి, ఈ దినమే ఒకటి వేయించి మర్నాడు తీసుకురమ్మన్నాడు. కాలు నిలిచిందని ఇక్కడే చెప్పేస్తాను. అది ఆయన అదృష్టం, నా చదువు వల్ల కాదు. నూట పన్నెండో నంబరు ఇంకా ఎలుకల దాకా కూడా పోలేదు. బకెట్లో మోటారు కాలిపోయింది, కొత్తది రావాలి.

ఆ ఆదివారం సాయంత్రం నర్సమ్మ వచ్చి, నా వైపు భయంగా చూస్తూ బుడ్డి మూత తీసింది. నేను నాయన చేయి పట్టుకుని కూర్చున్నాను, పారిపోతాడేమోనన్నట్టు. రెండో బుడ్డి నా బ్యాగులో వేసుకున్నాను, మర్నాటికి. నాయన దాన్నే చూస్తున్నాడు. సూది దిగుతుంటే కాలు మాట ఎత్తలేదు, నొప్పి మాట ఎత్తలేదు.

"ఇంగ నీకేమీ మిగల్లేదు పాపా" అన్నాడు.