మొరటు ఇంగ్లీషు

మొన్న ఆదివారం మా వీధి చివర కొత్తగా పెట్టిన బ్యూటీ పార్లర్లో జుట్టుకు రంగు వేయించుకుందామని కూర్చున్నాను. యాభై దాటాక తెల్లజుట్టుతో రాజీ పడిపోవాలని ప్రతి ఏడూ అనుకుంటాను. ఏదో ఒక పెళ్లిపత్రిక వచ్చి ఆ రాజీని చెడగొడుతుంది. పార్లరు పిల్ల గిన్నెలో రంగు కలిపి నా తలకు దగ్గరగా తెచ్చిందో లేదో, నేను కుర్చీలోంచి లేచి, మెడకు కట్టిన నల్లగుడ్డతో సహా వీధిలోకి వచ్చి నిలబడ్డాను. "ఏందాంటీ, ఏమైంది?" అంటూ ఆ పిల్ల బ్రష్షు పట్టుకుని వెనకాలే పరిగెత్తుకొచ్చింది. "ఏం లేదమ్మా, వాసన" అన్నాను. అందులో అమ్మోనియా ఉందట, చిటికెడు. ఎదురు కొట్టువాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు. నాకు మాత్రం కాళ్లు గేటు ఎక్కడుందా అని వెతుక్కుంటున్నాయి. ఆ చిటికెడు వాసనతో నేను నరసరావుపేట నుంచి చిలకలూరిపేట పోయే రోడ్డు పక్కన, మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేసిన రోజుల్లోకి వెళ్లిపోయాను.

అక్కడ కన్నీళ్లకు విలువ ఉండేది కాదు. మిర్చి సీజన్ మొదలైందంటే టిక్కీలు, అంటే కాయ కుక్కి కుట్టిన గోతాలు, లారీల మీద లారీలు దిగేవి. వాటిని మోసే జట్టువాళ్లు, షెడ్డులో గుంపులుగా కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్లు, ఆఫీసులో కంప్యూటరు ముందు నేను, అందరం పొద్దస్తమానం తుమ్ముతూ, ముక్కులు చీదుతూ, పమిటచెంగులతో కళ్లు తుడుచుకుంటూ ఉండేవాళ్లం. సరుకు చూసుకోవడానికి తెల్లచొక్కా వేసుకుని వచ్చిన వ్యాపారి కూడా నాలుగు మాటలు మాట్లాడేసరికి ఏడుపు మొహం పెట్టేవాడు. అందుకే గాలిలో ఇంకో ఘాటు కలిసిన సంగతి మాకు చానా రోజులు తెలియలేదు. తెలిసింది మెషీన్ రూము ఆపరేటర్‌కి ఒక్కడికే. ఆయన్ని అందరిలాగే నేనూ బాబాయ్ అనేదాన్ని. ఒకరోజు ఆఫీసు గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పకుండానే అన్నాడు: "అమ్మాయ్, రెండో కంప్రెసర్ సీలు కాడ గ్యాసు కారుతోంది. కంపెనీకి చెప్పు."

గ్యాసంటే అమ్మోనియా. గోడౌన్లకు చల్లదనం ఇచ్చేది అదే. అది బయటికి రాకుండా కంప్రెసర్ ఇరుసు చుట్టూ ఉండే బిగింపే సీలు. కంప్రెసర్లు చేసిన కంపెనీ ఎక్కడో వేరే రాష్ట్రంలో ఉంది. ఫోన్ చేస్తే, ఏదున్నా మెయిల్ పెట్టండి అనేవాళ్లు. మెయిల్ ఇంగ్లీషులో ఉండాలి. ఇంగ్లీషు రాసే పని నాది.

నా ఇంగ్లీషు గురించి కాస్త చెప్పాలి. గురజాల దగ్గర పల్లెలో, తెలుగు మీడియంలో చదివినదాన్ని. మాకు బళ్లో నేర్పిన ఉత్తరం ఒక్కటే, సెలవు చీటీ. అందులో 'ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' అని ఉండేది. ఇంకో కారణం రాయడం ఎవరికీ రాదు కాబట్టి మా ఊళ్లో ఎవరు బడి మానినా జ్వరమే. మా పిన్ని పెళ్లికి జ్వరం, తమ్ముడి పుట్టువెంట్రుకలకు జ్వరం, పత్తి తీతకు ఊళ్లో సగంమంది పిల్లలకు ఒకేసారి జ్వరం. డిగ్రీకి వచ్చాక ఆ జ్వరం చీటీకి బరువైన మాటలు నాలుగు తోడయ్యాయి. 'విత్ రిఫరెన్స్ టు ది సబ్జెక్ట్ సైటెడ్ అబవ్' అని మొదలుపెట్టి, 'కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్' అని ముగిస్తే చాలు, మధ్యలో ఏమున్నా ఎవరూ అడగరని నా నమ్మకం. మధ్యలో ఏమీ ఉండేది కాదు కూడా.

ఆ రోజూ అలాగే రాశాను. మెషీన్ వైపు నుంచి కొంత వాసన వస్తున్నట్టు తమ దివ్యసముఖానికి తెస్తున్నాము, తగిన చర్య తీసుకోగలరు, ఇట్లు ఫలానా కోల్డ్ స్టోరేజీ తరఫున. రెండ్రోజులకు 'ప్లీజ్ క్లారిఫై' అని రెండే మాటల జవాబు వచ్చింది. ఆ రెండు మాటలు మళ్లీ మళ్లీ చదివాను. అటువైపు మనిషికి కోపం వచ్చిందనుకున్నాను. నా ఇంగ్లీషులో తప్పు పట్టుకున్నారనీ, ఓనరుగారికి చెబుతారనీ, ఈ ఉద్యోగం ఎవరో కాన్వెంటు పిల్లకు పోతుందనీ అన్నం సయించలేదు. ఫోన్లో తెలుగు చెబితే ఇంగ్లీషు చేసి పెట్టే యాప్ ఒకటి ఉంటే దాన్ని అడిగాను. అది 'సీలు కారుతోంది' అన్నదాంట్లో కారు ఒకటి కనిపెట్టి, వాహనానికి సీలు వేసినట్టు రాసిచ్చింది. దాన్ని నమ్మలేక నేనే ఇంకో మెయిల్ రాశాను. మొదటిదానికంటే రెండింతల పొడవు, మూడింతల మర్యాద. దానికి జవాబు: మీ విషయం నమోదు చేసుకున్నాం, వచ్చే నెల మామూలు సర్వీసుకు వచ్చినప్పుడు చూస్తాం.

బాబాయ్‌కి ఆ మాట చెప్పాను. మెషీన్ రూము తలుపు వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు. ఆయన తిట్టి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. ఆ పూట నుంచి నా ముక్కు నా మాట వినడం మానేసింది. మిర్చి ఘాటేదో, గ్యాసు ఘాటేదో తేల్చుకోలేక ప్రతి తుమ్ముకూ ఉలిక్కిపడేదాన్ని. షెడ్డులో ఆడవాళ్లు పకపకా నవ్వుకుంటుంటే, ఆ నవ్వు ఉన్నట్టుండి ఆగితే, తల తిప్పి చూడటానికి కూడా ధైర్యం చాలేది కాదు.

మా ఆయన అక్కగారు నరసరావుపేటలోనే ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. మా వెనక వీధిలో ఉండేది. మాట కత్తి, మనిషి మంచిది, కానీ ముందు కత్తే తగిలేది. ఆవిడ ఒక సాయంత్రం చిక్కుడుకాయలు ఒలుస్తూ నా మొహం చూసి "ఏమే, ఏంది సంగతి?" అంది. చెప్పాను. మెయిళ్లు చూపించమంది. చదివి ఫోన్ నా ఒళ్లో పడేసింది.

"డాక్టర్‌కి ఫోన్ చేసి, సార్, పేషెంట్ కొంచెం బాగాలేదండీ అంటే ఏమంటాడు? సరే, రౌండ్స్‌లో చూస్తా అంటాడు. అదే, సార్, బీపీ పడిపోతోంది, మనిషి పలకట్లేదు, మీరు ఇప్పుడే రావాలి అను, చెయ్యి కడుక్కోకుండా కంచం ముందు నుంచి లేచొస్తాడు. నువ్వు వాడికి మర్యాద చేశావే గానీ, సంగతి చెప్పలేదు."

"నాకు ఇంగ్లీషు సరిగా రాదు గదా వదినా."

"నాకు మాత్రం వచ్చా? తెలుగులో చెప్పు ముందు. ఏది కారుతోంది? ఎప్పటి నుంచి? దాని పక్కన ఎవరుంటారు? అది ఊడితే ఏమవుద్ది? వాడు ఏం చెయ్యాలి, ఎప్పటిలోగా చెయ్యాలి?"

తల వంచుకుని చిక్కుడుకాయ ఈనె తీస్తూ కూర్చున్నాను. అప్పుడు తెలిసింది నాకు, నన్ను ఆపింది ఇంగ్లీషు ఒక్కటే కాదని. 'కొంత వాసన' అని రాసినంతసేపూ అది కొంత వాసనగానే ఉంటుంది. సరిగ్గా రాయాలంటే ముందు సరిగ్గా తెలుసుకోవాలి. తెలుసుకుంటే ఆ షెడ్డు పక్కన రోజంతా ఎలా కూర్చోను?

మర్నాడు బాబాయ్ వెంట మొదటిసారి మెషీన్ రూములోకి వెళ్లాను. అంతకుముందు గుమ్మం దాటి ఎరగను. ఆ హోరుకు పళ్ల చిగుళ్లు కూడా అదిరాయి. ఆయన గంధకం వత్తి ఒకటి వెలిగించి రెండో కంప్రెసర్ ఇరుసు దగ్గరికి తీసుకెళ్లాడు. మామూలు గాలిలో సన్నగా వెలుగుతున్న వత్తి అక్కడికి చేరగానే చిక్కటి తెల్లపొగ కక్కింది. "అదుగో, అక్కడ" అన్నాడు. గ్యాసు అప్పటిదాకా నాకు వాసన మాత్రమే. ఆ పొగలో దానికి ఒక రూపం వచ్చింది. గోడకు అటుపక్కే తొడిమల షెడ్డు. దానికి రెండు తలుపులు ఉన్నాయి. వెనక తలుపుకు కప్పు దాకా ఖాళీ గోతాల కట్టలు పేర్చి ఉన్నాయి. ముందు తలుపు మెషీన్ రూము వైపే తెరుచుకుంటుంది. "సీలు ఒక్కసారిగా ఊడితే?" అని అడిగాను. "వాళ్లు పొగలోకే పరిగెత్తాలి" అన్నాడు. వత్తి ఆర్పుతూ, "నాకూ భయమే అమ్మాయ్. రోజూ మా ఆవిడకి చెప్పే వస్తున్నా" అన్నాడు.

ఆఫీసులోకి వచ్చి రాయడం మొదలుపెట్టాను. అలవాటు కొద్దీ చెయ్యి 'విత్ రిఫరెన్స్' దగ్గరికి పోతూనే ఉంది, కొట్టేస్తూనే ఉన్నాను. వదిన అడిగిన వరుసలోనే, ఒక్కో ప్రశ్నకు ఒక్కో చిన్న వాక్యం. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: రెండో కంప్రెసర్ షాఫ్ట్ సీలు నుంచి అమ్మోనియా లీకవుతోంది. మూడు వారాలుగా ఎక్కువవుతోంది. గోడకు అటుపక్క ముప్ఫై మంది ఆడవాళ్లు పనిచేస్తున్నారు. సీలు తెగితే వాళ్లకు బయటపడే దారి లేదు. కొత్త సీలుతో ఫిట్టర్‌ని ఈ వారంలోనే పంపండి. అప్పటిదాకా మేమేం చెయ్యాలో ఈరోజే చెప్పండి. పైన సబ్జెక్టు దగ్గర 'రిగార్డింగ్ స్మెల్' తీసేసి 'అమ్మోనియా లీక్, ప్రాణాపాయం' అని పెట్టాను. రాసింది మళ్లీ చదువుకున్నాను. ఆరు వాక్యాలలో ఎక్కడా దాక్కోవడానికి చోటు లేదు.

పంపే ముందు ఓనరుగారికి చూపించాలి. ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివి, మొహం గంటు పెట్టుకున్నారు.

"ఏందమ్మా ఇది, ఇంత మొరటుగా రాశావు? రెస్పెక్టెడ్ సర్ ఏది? కైండ్లీ ఏది? మనం అడుగుతున్నట్టు లేదు, తగాదాకి పిలుస్తున్నట్టుంది."

"సంగతి ముందు తెలియాలని అండీ..."

"అయినా లీకు, ప్రాణాపాయం అని కాగితం మీద పెడతారా ఎవరన్నా? రేపు ఏదన్నా అయితే ఇదే మన మెడకు చుట్టుకునేది."

ఆయన ముందు అంతకుముందెప్పుడూ ఎదురుచెప్పి ఎరగను. గోడకు అటుపక్క నుంచి ఆడవాళ్ల మాటలు వినపడుతున్నాయి. ఎవరో కోడలి మీద ఏదో చెబుతోంది, మిగతావాళ్లు నవ్వుతున్నారు.

"ఏదన్నా అవుద్దేమోనని మీకూ ఉంది గదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చానాసేపు తుడిచారు. "నా పేరు పెట్టొద్దు" అని లేచి బయటికి వెళ్లిపోయారు. కింద నా పేరు పెట్టాను. అప్పటిదాకా నేను రాసినవన్నీ స్టోరేజీ తరఫున వెళ్లినవే, నా పేరుతో వెళ్లింది అదొక్కటే. పంపే గుర్తు మీద వేలు పెట్టి, నొక్కలేక, నీళ్లు తాగి వచ్చి, కళ్లు మూసుకుని నొక్కాను.

అన్నం డబ్బా మూత తీస్తుండగా ఫోన్ మోగింది. అటువైపు ఎవరో ఇంజినీరమ్మాయి, గడగడా ఇంగ్లీషు. నాకు సగం అర్థమై సగం కాక, "స్లోలీ మేడమ్" అన్నాను. ఆమె నెమ్మదించింది. ముందు మనుషుల్ని బయటికి పంపండి, తర్వాత మెషీన్ ఆపండి, రెండు వైపులా వాల్వులు కట్టెయ్యండి, ఫిట్టర్ ఈరోజే బయల్దేరతాడు. అంతే. ఆమె మాటలూ చిన్నవే.

షెడ్డులోకి పరిగెత్తి అందరూ లేవండి అన్నాను. "పని పోద్ది గదమ్మా" అని ఒకామె, "ఈ ఎండలో ఏడకి పోతాం?" అని ఇంకొకామె గొణిగారు. లేపుకొచ్చి, గాలివాటం చూసి, గేటు అవతల లారీల నీడలో కూర్చోబెట్టాను. బాబాయ్ మాస్కు తగిలించుకుని లోపలికి వెళ్లాడు. హోరు ఆగింది. ఆ నిశ్శబ్దంలో టప్పుమని ఒక చప్పుడు, దాని వెనకే బుస్సుమని చెవులు చిల్లులు పడే శబ్దం. మెషీన్ ఆగడంతో పాటే సీలు పూర్తిగా వదిలేసింది. తలుపులోంచి తెల్లటి మబ్బు నేలబారుగా పాకుతూ వచ్చి, తొడిమల షెడ్డు గుమ్మంలోకి తిరిగింది. ఖాళీ పీటలూ, సగం తీసిన కాయల కుప్పలూ అందులో కనపడకుండా పోయాయి. పని పోద్దన్న ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్లు నా చర్మంలోకి దిగుతున్నా ఇద్దరికీ తెలియలేదు. మేం చూస్తున్నది షెడ్డును కాదు, మెషీన్ రూము గుమ్మాన్ని. బాబాయ్ రాడు. ఇంకా రాడు. బుస్సుమనే శబ్దం సన్నబడి, సన్నబడి, ఆగింది. అప్పుడు వచ్చాడు, గోడ పట్టుకుని, తడుముకుంటూ. జట్టువాళ్లు ఎదురెళ్లి ఎత్తుకొచ్చి తల పంపు కింద పెట్టారు. "కట్టేశా" అన్నాడు, దగ్గు మధ్యలో.

ఆయన్ని మా వదిన వాళ్ల ఆసుపత్రికే తీసుకెళ్లాం. కళ్లు దక్కాయి. దగ్గు మాత్రం చానా కాలం వదల్లేదు. ఫిట్టర్ వచ్చి కొత్త సీలు వేశాడు. ఓనరుగారు దగ్గరుండి వెనక తలుపు దగ్గరి గోతాల కట్టలు తీయించారు. నా మెయిల్ సంగతి మంచికీ చెడ్డకీ ఎత్తలేదు. కొన్నాళ్లకు కరెంటు ఆఫీసుకు ఏదో రాయాల్సి వచ్చినప్పుడు మాత్రం నా బల్ల ముందు నిలబడి, ఎటో చూస్తూ, "ఆ మొరటు ఇంగ్లీషులోనే రాయమ్మా" అన్నారు. నేనూ అప్పటి నుంచి ఆ ఇంగ్లీషులోనే రాస్తున్నాను. వ్యాకరణం తప్పులు ఇప్పటికీ దొర్లుతాయి. ఎవరూ 'ప్లీజ్ క్లారిఫై' అనలేదు.

అక్కడ పని మానేసి చానా ఏళ్లయింది. ధైర్యం వచ్చిందా అని ఎవరన్నా అడిగితే రాలేదనే చెబుతాను. కాకపోతే, భయం పుట్టడానికీ, ఆ భయం ఫలానా అని నోరు తెరిచి చెప్పడానికీ మధ్య నాకు ఒకప్పుడు వారాలు పట్టేది. ఇప్పుడు ఒక పూట పడుతోంది. ఇన్నేళ్ల కాలం నా చేతిలో పెట్టింది ఆ కాస్త తేడానే.