పాలక్యానుకు మారిన కవరు

ఏడేళ్లుగా ఒక స్టీలు పాలక్యాను నా గుండెల మీద కూర్చుంది. దించమని మిమ్మల్ని అడగను. చూపిస్తాను, అంతే.

ఉద్యోగం చేసినన్నాళ్లూ నా లెక్కల్లో పైసా తేడా రాలేదు. ఇప్పటికీ పాలు కొలిపించుకునే పోయించుకుంటాను. మేడ్చల్‌లో మా కాలనీకి పాలు తెచ్చేది పక్కనున్న అత్వెల్లి ఊరి మహబూబ్ బీ. ఏడేళ్ల కిందట ఆమె గేదె చచ్చిపోయింది. నేను పాత తపాలా బిళ్లలు సేకరిస్తానని తెలిసి, కొంగులో చుట్టి ఒక ఉత్తరం తెచ్చింది.

"మా దాదా పెట్టెల దొరికిందమ్మా. నిజాం జమానాది. పైసలేమన్న వస్తయా? ఇంకో బర్రెను కొనాలె."

భూతద్దం పెట్టి చూశాను. కవరు మీది బిళ్లపై అదనంగా ముద్రించిన అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. అలాంటిది పుస్తకాల్లో బొమ్మగా తప్ప చూడలేదు.

"అచ్చు తప్పు పడింది" అన్నాను.

"అయితే ఇగ ఎవలు కొంటరు?" నవ్వింది. "పాత చీరెలకు గిన్నెలిస్తరు గద, గట్లనే ఏమన్న ఇయ్యి."

వంటింట్లోంచి కొత్త క్యాను తెచ్చి ఇచ్చాను.

తప్పు పడ్డ బిళ్లకే వేలంలో గిరాకీ అని ఆమెకు తెలియదు. కవరు లక్షా ఎనభై వేలకు పోయింది. నేను అబద్ధమాడానా? లేదు. నలభై ఏళ్లు కళ్లు పాడుచేసుకుని నేర్చిన విద్యకు కూలి వద్దా, నేను తీసుకోకపోతే ఆ కాగితం ఏ పొయ్యిలోకో పోయేది కాదా, కొనేవాడు అసలు ధర చెప్పి కొంటాడా? ఎవరూ అడగని ప్రశ్నకు ఇన్ని జవాబులు ఎందుకు సిద్ధం చేసుకున్నాను?

ఒక్కదానికి మాత్రం జవాబు లేదు. ఉత్తరం ఎవరిదని వేలంవాళ్లు అడిగితే, "మా మామగారి పెట్టెలోది" అని రాసి సంతకం చేశాను. ఆమె తాతను మా ఇంటివాణ్ణి చేశాను.

ఆమె మళ్లీ గేదెను కొనలేదు. తన పక్కింటివాళ్ల పాలు తెచ్చి పోస్తుంది, అదే క్యానులో. కొలిచాక కొసరు వేస్తుంది. క్యాను ఇచ్చినందుకట.

డబ్బు తిరిగి ఇవ్వను. ఇస్తే కారణం చెప్పాలి. చెబితే ఆమె నా గడప తొక్కదు. ఆమె రాకను పోగొట్టుకోలేను. పశ్చాత్తాపమని పేరు పెట్టకండి. దొంగతనం చేశాను. రాస్తుంటే ఊపిరి కొంచెం సులువుగా ఆడింది.

నిన్న ఇంతవరకూ రాశాను. ఈ ఉదయం ఆమె కొసరు పోయబోతుంటే గిన్నె వెనక్కి తీసుకున్నాను.

"ఏందమ్మా, పాలు మంచిగ లేవా?"

"కొలత చాలు" అన్నాను.