కుందేలు తరపున సాక్ష్యం

అడవి జంతువుల గురించి నేను మొదట నేర్చుకున్నది బళ్ళో కాదు, సంఘంలో. మా పాలెంలో రేకుల కప్పు ప్రార్థన మందిరం ఉండేది. ఆదివారం పెద్దల ఆరాధన మొదలయ్యేలోపు పిల్లలమంతా చాప మీద కూర్చుని కంఠత వాక్యాలు అప్పజెప్పేవాళ్ళం. సింహం, ఎలుగుబంటి, కొండమేక, నిప్పుకోడి, అడవి గాడిద నాకు పరిచయమైంది ఆ చాప మీదే. వాటిలో ఒక్కదాన్నీ కంటితో చూసి ఎరగను. మా వైపు తిరిగేవి నక్కలు, ఉడుములు, ముంగిసలు, కుందేళ్ళు. అయినా అడవి గాడిద ఎవరి కేకా లెక్కచేయదనీ, దాని కట్లు విప్పి వదిలింది దేవుడేననీ నాకు పదేళ్ళకే తెలుసు. ఆ గాడిదంటే నాకు మహా ఇష్టం.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. దాచేపల్లి చుట్టూ సున్నపురాయి క్వారీలు. నాన్న క్వారీలో రాయి కొట్టేవాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమలు కూడా తెల్లగా ఉండేవి. చదువు రాదు. రోజూ అన్నం తిన్నాక నాచేత బైబిల్లో ఒక అధ్యాయం చదివించుకుని వినేవాడు. మా పాలెంలో పదో తరగతి దాకా చదివిన ఆడపిల్ల అప్పటికి లేదు. నేను తొమ్మిదిలో ఉన్నాను.

దసరా ముందు పరీక్షల్లో సైన్సు పేపర్లో ఒక ప్రశ్న వచ్చింది. నెమరువేసే జంతువులకు ఐదు ఉదాహరణలు రాయమన్నారు. ఆవు, గేదె, మేక, గొర్రె రాసి, ఐదోది కుందేలు అని రాశాను. బైబిలు ధర్మశాస్త్రంలో తినదగినవేవో తినకూడనివేవో చెప్పే అధ్యాయం నాకు కంఠతా వచ్చు. కుందేలు నెమరు వేస్తుందని అందులో ఉంది. జింక అని రాసి ఉంటే గొడవే లేదు. క్లాసులో ఇంకెవరికీ తెలియనిది నాకు తెలుసన్న పొగరు నాచేత కుందేలు రాయించింది.

సైన్సు సారు చెడ్డవాడు కాదు. తేలును సీసాలో తెచ్చి, కాళ్ళు లెక్కపెట్టించి పాఠం చెప్పేవాడు. అందుకే ఆయన నవ్వడం నన్ను అంతగా కోసింది.

"ఒరేయ్, వినండిరా. మన కుందేలు మేకైపోయిందంట. ఏమ్మా, పూటకెన్ని పాలిచ్చిద్ది?"

క్లాసంతా విరగబడి నవ్వింది.

"ఎవరు చెప్పారు నీకిది?"

"వాక్యంలో ఉంది సార్."

"ఏ వాక్యం?"

"దేవుని వాక్యం సార్."

నవ్వు ఆగింది. ఆయన పేపరు బల్ల మీద పెట్టాడు. "ఇది సైన్సు క్లాసు. మీ ప్రార్థన కాదు. కుందేలు నెమరు వేయదు అని యాభైసార్లు రాసి సెలవులయ్యాక తీసుకురా. అది తేకుండా నా క్లాసులో అడుగు పెట్టమాక."

ఇంట్లో చెబితే నాన్న తేలిగ్గా తీసుకున్నాడు. "రాస్తే పోయిద్ది గదమ్మా. చెయ్యేమన్నా అరిగిద్దా ఏంది?"

"రాస్తే వాక్యం అబద్ధమైద్ది నాన్నా."

"వాక్యానికేం కాదులే. రాయకపోతే నీ చదువుకే అయిద్ది."

పాస్టరు గారు దానికి పూర్తిగా ఎదురు మాట్లాడారు. ఆ ఆదివారం నన్ను నిలబెట్టి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. లోకజ్ఞానం ముందు ఈ చిన్నబిడ్డ తలవంచలేదని చెప్పారు. అందరూ స్తోత్రం అన్నారు. సెలవుల చివరి ఆదివారం నేను అందరి ముందూ సాక్ష్యం చెప్పాలన్నారు. రెండు రోజులు నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

నన్ను నేల మీదికి దించింది పక్కింటి బాబాయి. ఆయన సంఘానికి వచ్చేవాడు కాదు. కంది చేల గట్ల మీద వలలు కట్టి కుందేళ్ళు పట్టేవాడు. నా గొడవంతా విని పకపకా నవ్వాడు.

"చెవులపిల్లి నెమరేసిద్దో లేదో మీ పాస్టరునీ మీ సారునీ అడుగుతావేందే? దాన్నే అడుగు."

మర్నాడు గోతంలో ఒక కుందేలును తెచ్చాడు. ఇంకా పూర్తిగా ఎదగలేదు. చెవులు వీపుకి అంటించుకుని వణుకుతోంది.

"బళ్ళు తెరిచేదాకా నీది. ఆ తర్వాత కూరే."

"అది అశుద్ధం బాబాయ్. తినకూడదు."

"అట్టనా? మరి మీ నాన్న పోయినసారి రెండు ముక్కలు ఎక్కువేసుకున్నాడేంది?"

ఇంటి వెనక పందిరి కింద కోళ్ళగంప బోర్లించి, దాని కింద కుందేలును ఉంచాను. గంప మీద రాయి పెట్టాను. అమ్మ మిరప చేలో కలుపుకి పోగానే గోనెపట్టా పరుచుకుని బోర్లా పడుకుని, గంప సందుల్లోంచి చూడడం మొదలుపెట్టాను. మొదటి రెండు రోజులు అది గడ్డి ముట్టలేదు. డొక్క పక్కన గుండె కొట్టుకోవడం కనిపించేది. మూడో రోజు గరిక కొరికింది, వేరుశనగ ఆకు తిన్నది. తినడం అయిపోయాక కూడా దవడ ఆడుతూనే ఉంది. నోట్లో ఏమీ లేదు, దవడ ఆడుతోంది. లేచి కూర్చుని గట్టిగా స్తోత్రం అన్నాను.

అక్కడే ఆపేసి ఉండవచ్చు. సాక్ష్యానికి అది చాలు. కానీ మేక ఎలా నెమరు వేస్తుందో సరిగ్గా చూసుకుందామని వెళ్ళి బాబాయి వాళ్ళ మేక ముందు కూర్చున్నాను. మేక నెమరు వేస్తుంటే మెడ కింద ఒక ముద్ద పైకి పాకి రావడం తెలుస్తుంది. నమిలి మింగాక ఆ ముద్ద మళ్ళీ కిందికి జారుతుంది, ఇంకోటి పైకి వస్తుంది. తిరిగొచ్చి సాయంత్రం దాకా కుందేలు మెడనే చూశాను. ఏదీ పాకలేదు. దాని దవడ ఊరికే ఆడుతోంది. సారు నవ్వు గుర్తొచ్చింది. నాకు భయమేసింది ఓడిపోయినందుకు కాదు. ఒక్క కుందేలు దవడ దగ్గర నా దేవుడు నా చేయి వదిలేస్తాడేమోనని.

అయినా మర్నాడు మళ్ళీ పడుకున్నాను. చూడడం ఆపితే ఇంకా పెద్ద భయం పట్టుకుంటుందని తెలుసు. మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, కునుకుతున్నట్టు కూర్చున్న కుందేలు వంగి, వెనక కాళ్ళ మధ్య మూతి పెట్టింది. ఒళ్ళు నాక్కుంటోందనుకున్నాను. తలెత్తి నమిలింది. కాసేపటికి మళ్ళీ వంగింది, మళ్ళీ నమిలింది. గంప కింద గట్టి పెంటికలు చాలానే ఉన్నాయి. వాటిని ముట్టలేదు. నేను ఉలిక్కిపడి కదిలితే అదీ ఉలిక్కిపడి నోట్లోది జార్చింది. మెత్తగా, నల్లగా, మెరుస్తూ ఉంది. నేల మీద ఉన్న వాటిలాంటిది కాదు. కుందేలు తిన్నదాన్ని రెండోసారి తింటోంది. గొంతులోంచి కాదు, అటువైపు నుంచి. మరుసటి రోజూ దాదాపు అదే వేళకు అదే పని చేసింది.

ఆయుధ పూజ నాడు క్వారీ మూశారు. నాన్న ఇంట్లో ఉన్నాడు. గోనెపట్టా మీద నా పక్కన ఆయన కూడా పడుకున్నాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. "నిద్రొస్తందమ్మా" అంటుండగా అది వంగింది.

"థూ! ఇదేందే!" అన్నాడు. ఇంకోసారి చూశాడు. "దీనికి దేవుడు ఇట్టా పెట్టాడా!" అన్నాడు నెమ్మదిగా. లేచి చొక్కా దులుపుకుంటూ, "ఎవరితో అనమాక. నవ్వుతారు" అన్నాడు.

తర్వాత కొన్నేళ్ళకు నరసరావుపేటలో డిగ్రీ చదువుతుండగా, కాలేజీ లైబ్రరీలో ఒక లావుపాటి పుస్తకంలో ఈ సంగతి నాలుగు లైన్లలో కనిపించింది. గడ్డిలోని సారమంతా ఒక్కసారికి అందదు కనుక కుందేలు అలా చేస్తుందట. నాకంటే ముందు ఎందరో చూశారన్నమాట. ఆ రోజు సంతోషపడ్డాను. అయితే నేను నమ్మింది ఆ పుస్తకం చూశాక కాదు. పాత కాలంలో వాక్యం విన్న జనం పశువుల్ని మేపుకుంటూ, కదిలే దవడను చూసి మేకకూ కుందేలుకూ ఒకే మాట వాడారని నేను అనుకుంటాను. నేనిలా అనడం విని నా విశ్వాసం పోయిందనుకున్నవాళ్ళు ఉన్నారు. పోలేదు. దేవుణ్ణి కాపాడడానికి నేను అబద్ధమాడాల్సిన అవసరం లేదని ఆ గంప పక్కనే నేర్చుకున్నాను.

సెలవుల చివరి ఆదివారం సాక్ష్యానికి లేచాను. చూసింది చూసినట్టు చెప్పాను. కుందేలు మేకలా నెమరు వేయదన్నాను. కానీ తిన్నది రెండోసారి తింటుందన్నాను. ఎక్కణ్ణుంచి తీసుకుని తింటుందో కూడా చెప్పాను. ఆడవాళ్ళు పమిటలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. వెనక నుంచి ఒక ముసలమ్మ, "గుళ్ళో పెంట మాటలేందే పిల్లా!" అంది. పాస్టరు గారు వెంటనే పాట ఎత్తుకున్నారు.

ఆరాధన అయ్యాక నన్ను పక్కకు పిలిచారు.

"నిన్ను చెప్పమన్నది అదా?"

"నేను చూసింది అదే అయ్యగారూ."

"వాక్యం నిజమైందని ఒక్క మాట చెప్పి కూర్చుంటే సరిపోయేది గదమ్మా."

"చూడకముందైతే అట్టాగే చెప్పేదాన్ని అయ్యగారూ."

ఆ ఏడు క్రిస్మస్‌కి నేను చెప్పాల్సిన కంఠత వాక్యాలు ఇంకో పిల్లకిచ్చారు. నేను మాత్రం ఒక్క ఆదివారం మానలేదు. ముందు వరసలోనే కూర్చున్నాను. చాప ఆయనది కాదు, వాక్యమూ ఆయన ఒక్కడిది కాదు.

సెలవుల చివరి రోజు బాబాయి రాకముందే గంప ఎత్తేశాను. కుందేలు మూడు దూకుల్లో కంది చేలో కలిసిపోయింది.

"ఒసే, నా కూర ఏదే?"

"దానిచేత సాక్ష్యం చెప్పించుకుని వండుకుంటారా బాబాయ్?"

"నీకంటే అదే నయం. నోరు మూసుకుని తింటది" అని తిట్టుకుంటూ పోయాడు.

బళ్ళు తెరిచారు. సారు చెప్పినట్టే యాభైసార్లు రాసి తీసుకెళ్ళాను. కాకపోతే ఆయన చెప్పింది కాదు. కుందేలు ఆవులా నెమరు వేయదు, తిన్నదాన్ని రెండోసారి తింటుంది, నేను చూశాను, అని రాశాను. ఆయన రెండు పేజీలు తిప్పాడు.

"నేను రాయమన్నది ఇదేనా?"

"మీరు చెప్పింది సగమే సార్."

"మీ పాస్టరు నేర్పాడా?"

"ఆయన కూడా వద్దన్నాడు సార్."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నన్ను వరండాలో నిలబడమన్నాడు. నిలబడ్డాను. కిటికీలోంచి పాఠం విని రాసుకున్నాను. రెండో రోజు బయటికొచ్చి, "సరే, పదిసార్లు రాయి, లోపలికి రా" అన్నాడు. రాయలేదు. మూడో రోజు, "మొండిదానా, ఒక్కసారి రాయి, అయిపోయిద్ది" అన్నాడు.

"ఒక్కసారి రాసినా రాసినట్టే గదా సార్."

నాలుగో రోజు నాన్నను పిలిపించారు. సగం పూట పని వదిలి, ఒంటి మీద సున్నపు దుమ్ముతోనే వచ్చాడు. తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. సారు ఆయనకు అంతా చెప్పాడు. పిల్ల తెలివైనదేననీ, మొండితనంతో చదువు పాడు చేసుకుంటోందనీ అన్నాడు.

"రాయమ్మా" అన్నాడు నాన్న.

"రాయను నాన్నా. నువ్వు కూడా చూశావు గదా."

సారు నాన్న వైపు తిరిగాడు. "ఏం చూశావయ్యా?"

నాన్న జీవితంలో ఒక సారు ముందు ఎదురు మాట అని ఉండడు. కిటికీల నిండా పిల్లల తలకాయలు. తలపాగా గుడ్డను రెండు చేతులతో మెలిపెడుతున్నాడు. ఆయన అబద్ధమాడితే నేను ఆ సాయంత్రమే బడి మానేసేదాన్ని. అది ఆయనకూ తెలుసు. ఇద్దరు సాక్షుల నోట ఏ మాటైనా స్థిరపడుతుందని రాత్రిపూట నాచేత చదివించుకున్నది కూడా ఆయనే.

"చూశాను సార్" అన్నాడు. "ఎనక నుంచి తీసుకుని తింటది. మెత్తటిదే తింటది, గట్టిది ముట్టదు. నేను చదువుకోలేదు సార్. కళ్ళయితే ఉన్నాయి."

పిల్లలెవరూ నవ్వలేదు. సారు నా కాగితాలు మళ్ళీ తీశాడు. ఈసారి యాభై లైన్లలో దేన్నో వెతుకుతున్నట్టు చూశాడు.

"ఏ వేళప్పుడు?" అని అడిగాడు. నాన్నను కాదు, నన్ను.

"మధ్యాహ్నం సార్. బాగా ఎండెక్కాక. మూడు రోజులూ అదే వేళకి."

"మూడు రోజులేనా చూసింది?"

"తొమ్మిది రోజులు చూశాను సార్. తింటూ దొరికింది మూడు రోజులు."

ఆయన కాగితాలు మడిచాడు. "లోపలికొచ్చి కూర్చో" అన్నాడు చివరికి. ఆ ప్రశ్నకు మార్కు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. నాన్న తలపాగా చుట్టుకుని క్వారీకి వెళ్ళిపోయాడు. నేను పుస్తకాలు తీసుకుని గడప దాటాను. తల దించుకోలేదు.