తోడల్లుడి ఇంజను

వీధిలో మెకానిక్‌లు ఇద్దరు. ఇద్దరూ ఒకే ఇంటి అక్కాచెల్లెళ్ళను చేసుకున్న తోడల్లుళ్ళు. చిన్నవాడు పెద్దాయన దగ్గరే పని నేర్చుకున్నాడు. వచ్చేపోయే బళ్ళను తన వైపు తిప్పుకుంటున్నాడని పెద్దాయన ఒకరోజు అతని సామాన్ల పెట్టెను నడివీధిలోకి విసిరాడు. చిన్నవాడు పానాలు ఏరుకుని, సరిగ్గా ఎదుటి గదిలోనే షెడ్డు తెరిచాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

అలాంటిది పెద్దాయన జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పకముందే ఆయన సొంత బండి ఇంజను లోపల చప్పుడు మొదలైంది. ఆయన భార్య, చిన్నవాడికి వదిన, బండిని తోసుకుంటూ వీధి దాటించింది. వెనకాలే ఆయనా వచ్చి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"టాపెట్లు వదులయ్యాయి. సరిచేసి పంపించమను," అన్నాడు భార్యతో, గోడకేసి చూస్తూ.

"టాపెట్లయితే పైన మోగుతుంది వదినా. ఇది అడుగున," అన్నాడు చిన్నవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజను కింది భాగానికి ఆనించి, పిడిని చెవికి నొక్కుకున్నాడు. వేగం పెంచితే లోపల సుత్తితో మోదుతున్నట్టుంది. ఆపి నూనె దించాడు. పళ్ళెంలో ఇనప రజను మిలమిల్లాడింది.

"ఆ పళ్ళెం ఎప్పుడైనా కడిగాడో లేదో అడుగు," అన్నాడు పెద్దాయన.

చిన్నవాడు పళ్ళు నూరుకుంటూ హెడ్డు, సిలిండరు విప్పాడు. పిస్టన్ మీద గీత కూడా లేదు. పెద్దాయన ముసిముసిగా నవ్వాడు. చిన్నవాడు పిస్టన్ కింది కనెక్టింగ్ రాడ్డు పట్టుకుని పైకీ కిందికీ లాగాడు. పక్కలకి కాస్త ఆడినా ఫరవాలేదు గానీ, పైకీ కిందికీ ఆడకూడదు. ఆడింది. అడుగు బేరింగు పోయింది.

"నూనె మార్చకుండా తిప్పితే ఇంతే," అన్నాడు వీధంతా వినపడేలా.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. మొదటిసారి అతని మొహంలోకి చూశాడు.

"నీకు పానా పట్టడం నేర్పింది నేను. నాకు నూనె సంగతి చెప్తావా? క్లచ్చు వైపు మూత తియ్యి. పంపు చూశావా అసలు?"

చూడలేదు. చిన్నవాడు మూత విప్పాడు. నూనె పంపును తిప్పే చక్రానికి పళ్ళు అరిగి నున్నగా ఉన్నాయి. ఇంజనులో నూనె నిండుగా ఉన్నా బేరింగుదాకా చేరలేదన్నమాట. అతనికి చెంప ఛెళ్ళుమన్నట్టయింది.

"కొట్టుకోవడం అయ్యాక బండి బాగుచెయ్యండి," అంది వదిన.

చిన్నవాడు ఇంజనంతా విప్పి, రాడ్డు బిగిసి ఉన్న క్రాంకును లేత్ షాపుకి తీసుకెళ్ళి, పాత రాడ్డు తీయించి, బేరింగుతో సహా కొత్తది ఎక్కించాడు. క్రాంకు వంకర లేకుండా సరిచూయించాడు. నూనె దారులన్నీ గాలి కొట్టి శుభ్రం చేశాడు. పంపూ, దాన్ని తిప్పే చక్రమూ కొత్తవి వేశాడు. ఈసారి ఇంజను మెత్తగా పలికింది. పెద్దాయన తల వంచి కాసేపు విన్నాడు. వీధి దాటి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎదుటి షెడ్డులోంచి, బళ్ళవాళ్ళతో చెప్తున్న ఆయన గొంతు ఖంగుమంది. "జబ్బు నేనే పట్టుకున్నాను. విప్పి బిగించడానికి ఎవడైతేనేం?"

చిన్నవాడు వీధి దాటి వెళ్ళాడు. "బేరింగు అని చెప్పిందెవరు?"

"పంపు అని చెప్పిందెవరు?" అన్నాడు పెద్దాయన తాపీగా.

అక్కడున్నవాళ్ళు నవ్వారు. చిన్నవాడు వెనక్కి తిరిగాడు. తన షెడ్డుకి వచ్చి, పనిలో ఉన్న బండి ఇంజను మూత బోల్టును అవసరానికి మించి బిగించి విరగ్గొట్టాడు.